‘పోలరైజేషన్ మీకెందుకు, చాయిస్‌లో వదిలేయండి’ అన్నవాళ్ళకు మా జవాబు

 పోస్టు పెద్దది. సగం చదివి వాదనకు రావద్దని ముందే మనవి.

మొన్న వేసవి సెలవుల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే మేము కొంతమందిమి కలిసి మా ఏజెన్సీ ఊళ్ళలో ఇంటర్ సెకండియర్‌కు వెళ్ళే పిల్లలకు ఫిజిక్స్ చెప్పడానికి కూర్చున్నాం. వేవ్ ఆప్టిక్స్‌లో వ్యతికరణం అయింది, వివర్తనం అయింది. ధ్రువణం దగ్గరికి వచ్చేసరికి ఒక చెల్లి పుస్తకం మూసేసింది. “అన్నా, పోలరైజేషన్ వద్దులే. మా సార్ చాయిస్‌లో వదిలెయ్యమన్నారు” అంది. ఎందుకమ్మా అని అడిగితే, “మన దగ్గర ల్యాబ్ లేదు, మీకు అర్థం కాదు, ఎలాగూ మీకు రిజర్వేషన్ ఉంది, పాసైతే చాలు అన్నారు” అని చెప్పింది. కోపంగా చెప్పలేదు. రేపు బస్సు లేదట అని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. మాకు అక్కడ కాలింది.

ఎందుకంటే ఆరేళ్ళ కింద, వేరే మండలంలో, వేరే కాలేజీలో, మాకూ ఇవే మాటలు చెప్పారు. అప్పుడు మేమూ పుస్తకం మూసేశాం. మాలో మార్కుల ఆశ ఉన్న ఇద్దరు ముగ్గురం మాత్రం గైడు చూసి ఆ నాలుగు మార్కుల ప్రశ్న బట్టీ పట్టాం. “అడ్డంగా ఉంచిన రెండు పోలరాయిడ్ల మధ్య ఇంకో పోలరాయిడ్‌ను తిప్పితే బయటికి వచ్చే కాంతి తీవ్రత ఎలా మారుతుందో చర్చించండి.” ఐ నాట్ బై ఫోర్, సైన్ స్క్వేర్ టూ తీటా. తీటా 45 డిగ్రీలప్పుడు గరిష్ఠం. రాశాం, మార్కులు పడ్డాయి. పోలరాయిడ్ నల్లగా ఉంటుందా తెల్లగా ఉంటుందా, గాజా ప్లాస్టిక్కా అని ఎవరైనా అడిగి ఉంటే నోరు తెరిచేవాళ్ళం.

తర్వాత బీఎస్సీ ఫస్టియర్ ల్యాబ్‌లో మాలస్ నియమం ప్రయోగం వచ్చింది. బెంచి మీద రెండు గుండ్రటి బిళ్ళలు. ఒకటి తిప్పుతూ పోతే వెలుతురు తగ్గి తగ్గి నల్లగా అయిపోయింది. ఇంకా తిప్పితే మళ్ళీ వెలుగు. రెండు బిళ్ళల్లో దేన్ని విడిగా చూసినా అవతలి మనిషి కనిపిస్తున్నాడు. కలిపితే చీకటి. మాలో ఒకడు గట్టిగా నవ్వేశాడు. పక్క బ్యాచ్ వాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళకు అది కొత్త కాదు, కార్పొరేట్ కాలేజీలో వీడియోలోనైనా చూసొచ్చారు. “ఇది కూడా చూడలేదా, ఏ కోటా?” అని ఒకతను అన్నాడు. మేం జవాబు చెప్పలేదు. ఆ జవాబు ఇప్పుడు చెబుతున్నాం, అతనికి కాదు, మమ్మల్ని అక్కడికి అలా పంపినవాళ్ళకు.

ముందుగా ‘అర్థం కాదు’ అనే మాట.

అర్థం కాకపోవడానికి పిల్లల బుర్ర కారణమా, చెప్పే తీరు కారణమా చూద్దాం. పేరుతోనే మొదలుపెడదాం. ధ్రువణం. ధ్రువం అనగానే మన పిల్లాడికి ఏం గుర్తొస్తుంది? ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం, అయస్కాంతం. కాంతికి ధ్రువాలు ఎక్కడున్నాయి అని వెతుకుతాడు. ఆ చెల్లి కూడా మమ్మల్ని ఇదే అడిగింది. నిజానికి కాంతికి ధ్రువాలు లేవు. 1808లో పారిస్‌లో ఎటియెన్ మాలస్ అనే ఇంజినీరు ఐస్‌లాండ్ స్పార్ అనే స్ఫటికంలోంచి ఎదురుగా ఉన్న లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాలను చూశాడు. సాయంత్రపు ఎండ ఆ అద్దాల మీద పడి మెరుస్తోంది. స్ఫటికాన్ని తిప్పుతుంటే అందులో కనిపించే రెండు బింబాల వెలుగు మారుతూ వచ్చింది. ఆయన కాంతిని కణాలు అనుకునేవాడు. ఆ కణాలకు అయస్కాంతానికి ఉన్నట్టు ధ్రువాలు ఉండి, అవన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయని భావించి ఈ పేరు పెట్టాడు. ఆ భావన పోయింది, పేరు మిగిలింది. మనవాళ్ళు ఆ పేరును తెలుగు చేశారు. అంటే పేరు చూసి తికమకపడ్డ పిల్ల తెలివితక్కువది కాదు, పేరు పెట్టినాయన ఆలోచననే సరిగ్గా పట్టుకుంది. ఈ ఒక్క ముక్క క్లాసులో రెండు నిమిషాలు చెబితే చాలు. మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటి దగ్గర కువి, ఆదివాసీ ఒరియా, కోయ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, ఆ తెలుగు పట్టుబడేలోపు ఇంగ్లిష్ మీడియంలో పడ్డ పిల్లలకు ‘ధ్రువణం’ అయినా ‘పోలరైజేషన్’ అయినా ఒకటే. రెండూ పరాయి మాటలే. కాబట్టి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆగకుండా సూత్రానికి దూకేస్తే ‘అర్థం కాదు’ అని మీరే నిరూపించుకున్నట్టు.

రెండోది తాడు బొమ్మ. అందరం చూసిందే. ఒక తాడు, దాన్ని పైకి కిందికి ఊపే చెయ్యి, నిలువు చీలిక ఉన్న చెక్క. తాడు అల నిలువు చీలికలోంచి పోతుంది, అడ్డం చీలిక దగ్గర ఆగిపోతుంది. అయిపోయింది, ధ్రువణం అంటే ఇదే. తాడు తప్పని మేము అనడం లేదు. కాంతి తిర్యక్ తరంగం అని, అంటే ముందుకు పోతూ పక్కలకు ఊగే అల అని చెప్పడానికి తాడు మంచిదే. ధ్వని ముందుకూ వెనక్కీ ఊగే అల కాబట్టి దానికి ఈ ధ్రువణం లేదు, ఇదీ తాడుతో తేలిగ్గా చెప్పొచ్చు. మా పేచీ ఆ బొమ్మ నిలువు, అడ్డం అనే రెండింటి దగ్గరే ఆగిపోవడంతో. అది చూసిన పిల్లవాడికి పోలరాయిడ్ అంటే జల్లెడ అనిపిస్తుంది. నిలువుగా ఊగేవి పోతాయి, మిగతావి ఆగుతాయి, అంతే.

జల్లెడ అనుకుంటే ఏమవుతుందో చూడండి. రెండు పోలరాయిడ్లు ఒకదానికి ఒకటి అడ్డంగా పెట్టాం, చీకటి. ఇప్పుడు ఆ రెండింటి మధ్యలో మూడోది ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో దూర్చాం. జల్లెడ లెక్కన ఇంకో జల్లెడ అడ్డం పెడితే పడేది ఇంకా తగ్గాలి కదా? చీకటి చీకటిగానే ఉండాలి. కానీ వెలుతురు వస్తుంది! అడ్డం ఒకటి ఎక్కువ పెడితే కాంతి పెరిగింది. మనం బట్టీ పట్టిన సైన్ స్క్వేర్ టూ తీటా చెప్పేది సరిగ్గా ఈ వింతనే. ప్రశ్న రాసిన మనకే అందులో వింత ఉందని తెలియదు. నాలుగు మార్కులు వేసినవాళ్ళకు తెలుసో లేదో మాకు తెలియదు.

ఎందుకు పెరుగుతుంది? ఫస్టియర్‌లో లాన్ రోలర్ గుర్తుందా? నెట్టడం కంటే లాగడం తేలిక, కారణాలు రాయుము. మనలో ఒక్కడూ లాన్ రోలర్‌ను చూడలేదు, లాన్‌ను కూడా చూడలేదు, అయినా రాశాం. పోనీ దాన్ని వదిలేసి అడవిలోంచి దుంగ లాగడం అనుకోండి. దుంగ బాట వెంబడే కదులుతుంది, కానీ మనం తాడును పక్కకు ఏటవాలుగా పట్టి లాగుతున్నాం. మన బలమంతా దుంగకు పనికిరాదు, అలాగని అంతా వృథా పోదు. బాట వెంబడి పడే వాటా మాత్రం పనికొస్తుంది. ఆ వాటానే అంశం అంటారు, కాస్ తీటాతో గుణిస్తే వస్తుంది. పోలరాయిడ్ చేసేది ఇదే పని. వచ్చే కాంతిలో విద్యుత్ క్షేత్రం ఏ దిక్కున ఊగినా, దానిలో తన అక్షం వెంబడి పడే వాటాను బయటికి పంపుతుంది. ముఖ్యమైన సంగతి, బయటికి వచ్చిన కాంతి ఇక పాత దిక్కులో ఊగదు, ఈ పోలరాయిడ్ అక్షం దిక్కులోనే ఊగుతుంది. పాత దిక్కు పోయింది. అందుకే ఇది జల్లెడ కాదు. జల్లెడ గింజను మార్చదు, ఇది మారుస్తుంది.

ఇక లెక్క సులువు. కంపన పరిమితిలో కాస్ తీటా వాటా వస్తే తీవ్రతలో దాని వర్గం వస్తుంది. మాలస్ నియమం అంతే. దీపం కాంతి 100 పాళ్ళు అనుకోండి. అది అన్ని దిక్కుల్లో ఊగుతుంది కాబట్టి మొదటి పోలరాయిడ్ దాటేసరికి సగటున సగం, 50. మధ్యలోది 45 డిగ్రీల్లో ఉంటే దాటేది మళ్ళీ సగం, 25. మూడోది దానికి ఇంకో 45 డిగ్రీలు, ఇంకో సగం, 12.5. మధ్యది తీసేస్తే సున్నా. అసలు షీట్లు కొంత కాంతిని తామే మింగేస్తాయి కాబట్టి చేతిలో ఇంతకన్నా తక్కువే వస్తుంది. దీంట్లో ఆదివాసీ పిల్లకు అర్థం కానిది ఏముంది, సగంలో సగంలో సగం!

తాడు బొమ్మ చేసే ఇంకో నష్టం ఉంది, దాన్ని చెప్పకుండా ఉండలేం. పోలరాయిడ్‌లో పొడవాటి గొలుసు అణువులు ఒకే వరుసలో పేర్చి ఉంటాయి. చెక్క చీలిక మనసులో ఉన్న పిల్లలు ఏం గీస్తారు? అణువులు నిలువుగా ఉంటే వాటి సందుల్లోంచి నిలువు కాంతి పోతుందని గీస్తారు. మేమూ అలాగే గీశాం. నిజం తలకిందులు. అణువుల వెంబడి ఊగే విద్యుత్ క్షేత్రం అందులోని ఎలక్ట్రాన్లను గొలుసు పొడవునా పరిగెత్తిస్తుంది, శక్తి అక్కడే ఖర్చయి ఆ కాంతి ఇంకిపోతుంది. అణువులకు అడ్డంగా ఊగేది బయటపడుతుంది. అంటే కంచె బొమ్మకూ అసలుకూ 90 డిగ్రీల తేడా. పుస్తకంలో ఒక వాక్యంలో ఇది ఉంది. బొమ్మ ఆ వాక్యాన్ని మింగేసింది.

ఇప్పుడు ‘ల్యాబ్ లేదు’ అనే మాటకు వద్దాం. ఇదే మాకు అన్నిటికంటే కోపం తెప్పించేది.

ఇంటర్ ఫిజిక్స్ మొత్తంలో ల్యాబ్ లేకుండా చూపించగలిగే పాఠం ఏదైనా ఉంటే అది ఇదే. చెడిపోయిన కాలిక్యులేటర్ ఒకటి చాలు. దాని అంకెల అద్దం మీద అతికించి ఉన్న పల్చటి షీటే పోలరాయిడ్. బ్లేడుతో ఒక మూల నుంచి నెమ్మదిగా లేపితే వస్తుంది. కింద ఉన్నది గాజు, పగులుతుంది, చేతులు జాగ్రత్త, చిన్నపిల్లలకు ఇవ్వొద్దు. వెనకవైపు షీటుకు వెండిరంగు పూత ఉంటుంది, అది పనికిరాదు, ముందుదే తీసుకోండి. రెండు కాలిక్యులేటర్లుంటే రెండు షీట్లు. మేము ఆ వేసవిలో అలాగే చేశాం. మొదటి కాలిక్యులేటర్‌లో షీటును చింపేశాం, రెండోసారి వచ్చింది.

మూడో పోలరాయిడ్ కావాలంటే ల్యాప్‌టాప్ ఉంది. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే కాంతి ముందే ధ్రువణం చెంది వస్తుంది. తెర తెల్లగా పెట్టి, ఒక షీటు అడ్డం పెట్టి తిప్పండి, ఒక చోట నల్లబడుతుంది. అక్కడే ఆపి, తెరకూ షీటుకూ మధ్య రెండో షీటును ఏటవాలుగా దూర్చండి. ఆ ముక్క ఉన్నంత మేర వెలుగు వస్తుంది. ఫోన్లతో కూడా చూడొచ్చు కానీ కొన్ని ఫోన్లలో ఎటు తిప్పినా పెద్ద తేడా రాదు, వేరే ఫోన్ తీసుకోండి.

మేము చూపించినప్పుడు ఒక తమ్ముడు మూడుసార్లు ఆ ముక్క తీసి పెట్టి, తీసి పెట్టి, “ఇదేటన్నా, అడ్డెడితే ఎలుగొస్తంది!” అన్నాడు. ఆ మాట రాయడానికి మా గైడులో నాలుగు పేజీలు ఖర్చయ్యాయి.

ఎన్‌సీఈఆర్‌టీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022లో సిలబస్ తగ్గించినప్పుడు 12వ తరగతి ఫిజిక్స్ పుస్తకంలో ధ్రువణం పాఠంలోంచి రెండు భాగాలు తీసేశారు. ఒకటి పరిక్షేపణం వల్ల ధ్రువణం, రెండోది పరావర్తనం వల్ల ధ్రువణం, అంటే బ్రూస్టర్ నియమం. భారం తగ్గించామన్నారు. మరి నీట్, జేఈఈ మెయిన్‌కు 2024లో ఇచ్చిన సిలబస్ తీసి చూడండి. బ్రూస్టర్ నియమం అందులో ఉంది. పుస్తకంలో లేదు, పరీక్షలో ఉంది. అయితే అది ఎవరికి వస్తుంది? కోచింగ్ మెటీరియల్ కొనుక్కున్నవాడికి వస్తుంది. గవర్నమెంటు ఇచ్చిన పుస్తకమే దిక్కయిన ఏకలవ్య స్కూలు పిల్లవాడికి రాదు. ఎవరి భారం తగ్గింది, ఎవరి మీద పడింది?

పైగా తీసేసిన ఆ రెండే మన ఊళ్ళో ఉచితంగా దొరికేవి. ఒకటి నీళ్ళు, రెండోది ఆకాశం.

వరి మడిలో నీళ్ళు నిలిచి ఉన్నప్పుడు గట్టు మీద నిలబడి చూడండి. ఆకాశం ప్రతిబింబం మెరుస్తూ అడుగు కనపడదు. షీటును కంటి ముందు పెట్టుకుని తిప్పండి. ఒక దిక్కులో మెరుపు పోయి అడుగున బురద, చేపపిల్ల కనిపిస్తాయి. కాంతి నీటికి నిలువు గీతతో 53 డిగ్రీల కోణంలో పడేచోట మెరుపు దాదాపు పూర్తిగా పోతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33, టాన్ 53 డిగ్రీలు కూడా సుమారు అంతే. బ్రూస్టర్ 1815లో చెప్పింది ఇదే, ఆ కోణం టాన్ విలువే వక్రీభవన గుణకం. గాజుకు అది 56, 57 డిగ్రీల దగ్గర. కోణాన్ని నీటి మట్టం నుంచి కాకుండా నిలువు గీత నుంచి కొలవాలి, పరీక్షలో చాలామంది ఇక్కడే జారిపోతారు.

ఎందుకలా? కాంతి నీటిలోని ఎలక్ట్రాన్లను ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాను అన్ని వైపులకూ కాంతి పంపుతుంది, ఒక్క తాను ఊగే దిక్కున తప్ప. బ్రూస్టర్ కోణం దగ్గర పరావర్తన కిరణానికీ నీటిలోకి వంగిన కిరణానికీ మధ్య సరిగ్గా 90 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు ఒక రకంగా ఊగే ఎలక్ట్రాన్లు పరావర్తన కిరణం దిక్కులోనే ఊగుతాయి కాబట్టి అటు ఏమీ పంపలేవు. మిగిలేది నీటి మట్టానికి సమాంతరంగా ఊగే కాంతి ఒక్కటే. షీటును తిప్పి దాన్నీ ఆపేశాం.

ఆకాశానిదీ ఇదే కథ. పొద్దున్నే సూర్యుడు తూర్పున కిందుగా ఉన్నప్పుడు నడినెత్తి మీది నీలాన్ని షీటులోంచి చూస్తూ తిప్పండి. నీలం ముదురుతుంది, మళ్ళీ తేలిపోతుంది. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశమంతా ఇలా ఉంటుంది. మబ్బు మీద ఇది పనిచేయదు, మబ్బులో కాంతి చాలాసార్లు చెదిరి దిక్కు కోల్పోతుంది. సూర్యుణ్ణి మాత్రం షీటు పెట్టుకుని కూడా చూడొద్దు, కళ్ళు పోతాయి.

ఈ ఆకాశపు ధ్రువణాన్ని తేనెటీగలు చూడగలవు. 1949లో కార్ల్ వాన్ ఫ్రిష్ ఆ సంగతి బయటపెట్టాడు. సూర్యుడు కనపడకపోయినా నీలాకాశం చిన్న ముక్క కనపడితే చాలు, ఈగ దిక్కు తెలుసుకుంటుంది. ఆ ముక్క మీద పోలరాయిడ్ పెట్టి తిప్పితే ఈగల నాట్యం దిక్కు మారిపోయింది. 1973లో నోబెల్ పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఇది చెప్పగానే మాలో కొందరు “మన తాతలు తేనె తీసేవాళ్ళు, వాళ్ళకు ఇవన్నీ ముందే తెలుసు” అని మొదలుపెడతారు. వద్దు మిత్రులారా. మన తాతలకు తేనెపట్టు ఎక్కడుంటుందో, ఎప్పుడు పొగ పెట్టాలో, ఎంత వదిలెయ్యాలో తెలుసు. అది చాలా పెద్ద విద్య. దానికి లేని గొప్పలు అంటించి చిన్నబుచ్చొద్దు. మేము అడిగేది వేరే. తేనె తీసే ఇంటి పిల్లవాడికి తేనెటీగతో మొదలుపెట్టి ధ్రువణం చెప్పడం ఎంత తేలిక! అది మానేసి లాన్ రోలర్ దేశపు తాడు బొమ్మ గీసి ‘మీకు అర్థం కాదు’ అంటారేమిటి?

పోలరాయిడ్ పుట్టుకలో కూడా మన జ్వరం వాసన ఉంది. మలేరియాకు క్వినైన్ అనే మాట ఏజెన్సీలో పెద్దవాళ్ళకు కొత్త కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెరపత్ అనే డాక్టరు దగ్గర చదివే ఒక విద్యార్థి, క్వినైన్ తినిపించిన కుక్క మూత్రంలో అయోడిన్ వేస్తే ఆకుపచ్చ స్ఫటికాలు రావడం గమనించాడు. అవి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడినచోట నల్లగా కనిపించాయి. డాక్టరు 1852లో ఆ సంగతి ప్రచురించాడు. స్ఫటికానికి డాక్టరు పేరే వచ్చింది, విద్యార్థి పేరు రాలేదు, అది వేరే పోస్టు. 1929లో ఎడ్విన్ లాండ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు, కాలేజీ చదువు మధ్యలో వదిలేసినవాడు, ఆ స్ఫటికాలను సన్నగా నూరి ప్లాస్టిక్‌లో ఒకే వరుసలో నిలబెట్టి పోలరాయిడ్ షీటు చేశాడు. తర్వాత సాగదీసిన ప్లాస్టిక్‌కు అయోడిన్ పట్టించే పద్ధతి వచ్చింది.

అంతా విదేశాల సంగతే అనుకునేవాళ్ళకు ఇంకొకటి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1931లో సి.వి.రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ఆధారం చూపారు. ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పాఠం చెప్పిన మనిషి. మనం ఘాట్ దిగి చదువుకోవడానికి వెళ్ళే వైజాగే అది.

ఇక చివరి మాట, ‘రిజర్వేషన్ ఉంది కదా, పాసైతే చాలు.’

ఈ మాటను బయటివాళ్ళు అంటే మనకు కోపం వస్తుంది, ధర్నా చేస్తాం. కానీ మన సీనియర్లు, మనలోంచి ఉద్యోగం వచ్చినవాళ్ళు కూడా ప్రేమగానే ఇదే మాట అంటున్నారు. “ఎందుకురా అంత కష్టం, క్వాలిఫై అయితే సీటొస్తుంది.” అన్నా, అక్కా, మీ ప్రేమ మాకు తెలుసు. కానీ రిజర్వేషన్ మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల బెంచి మీద బిళ్ళ తిప్పాల్సింది మనమే. ఆ రోజు నల్లబడ్డ బిళ్ళను చూసి మావాడు నవ్వినందుకు సిగ్గుపడాల్సింది వాడా? రెండేళ్ళు ఇంటర్ చదివించి ఒక్కసారి కూడా ఆ చీకటి చూపించనివాళ్ళా? రిజర్వేషన్‌ను మన హక్కుగా రాజ్యాంగం ఇచ్చింది. దాన్ని పాఠం ఎగ్గొట్టడానికి సాకుగా వాడే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

సార్లందరూ అలాంటివాళ్ళని మేము అనడం లేదు. ఒక్క గెస్ట్ లెక్చరర్ రెండు సెక్షన్లు లాగుతూ, జీతం ఎప్పుడొస్తుందో తెలియక, జనవరిలో సిలబస్ పూర్తి చేయాలంటే ఏదో ఒకటి వదలాల్సిందే, ఆ ఇబ్బంది మాకు తెలుసు. వదిలితే “టైం లేక వదిలేస్తున్నాను, వీలైతే చదువుకోండి” అనండి. అది నిజం, దాన్ని గౌరవిస్తాం. “మీకు అర్థం కాదు” అనొద్దు. అది అబద్ధం, పైగా ఆ పిల్ల దాన్ని జీవితాంతం నమ్ముతుంది. ఈ రెండు వాక్యాల మధ్య తేడాకే ఈ పోస్టంతా రాశాం.

కాబట్టి అడుగుతున్నాం. ఏజెన్సీలో ఇంటర్ ఫిజిక్స్ చెప్పే సార్లూ, మేడమ్‌లూ, మాకు ఒక్క పీరియడ్ ఇవ్వండి. షీట్లు మేమే తెస్తాం, ల్యాప్‌టాప్ మేమే తెస్తాం. మీరు వెనక బెంచిలో కూర్చోండి చాలు, తప్పు చెబితే దిద్దండి. జూనియర్లూ, మీ ఇళ్ళలో అంకెలు కనపడక మూలన పడేసిన కాలిక్యులేటర్లుంటే పారెయ్యకండి, దసరా సెలవులకు వచ్చేటప్పుడు పట్టుకురండి. కంపాస్ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు, కోణమానిని కూడా తెచ్చుకోండి.

అవి ఎందుకంటే, పుస్తకం మూసేసిన ఆ చెల్లి చివరి రోజు షీటు తీసుకుని తనంతట తాను ఏవేవో పెట్టి చూస్తూ కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరకూ షీటుకూ మధ్య తన ప్లాస్టిక్ స్కేలు పెట్టింది. తెల్లటి స్కేలంతా రంగులు, అంచుల్లో, రంధ్రం చుట్టూ ఇంద్రధనుస్సు గీతలు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అన్నా, సెల్లో టేపు పెట్టినా వస్తున్నాయి. స్కేలు వంచితే రంగులు కదులుతున్నాయి. ఎందుకు?” అంది. మేము స్కేలు పోతపోసినప్పుడు లోపల బిగుసుకున్న ఒత్తిడి అని, ఒత్తిడి ఉన్నచోట రెండు దిక్కుల్లో ఊగే కాంతి రెండు వేగాలతో పోతుందని సగం చెప్పగలిగాం. “అయితే తెల్ల కాంతిలోంచి రంగు ఎలా విడిపోయింది?” అంది. మాకు అప్పటికప్పుడు సరిగ్గా చెప్పడం రాలేదు. చదువుకుని దసరాకు చెబుతామన్నాం. ఆమె ఆ ప్రశ్నను పుస్తకంలో ధ్రువణం పేజీ మీద పెన్సిల్‌తో రాసుకుంది.